మానిపించే ముందు, మానొద్దనే ముందు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అమ్మలకు, నాన్నలకు, వలస వెళ్లిన కొడుకులూ కూతుళ్ల పిల్లల్ని దగ్గరుంచుకుని పెంచుతున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీడీగా, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రాజాం వైపు కూడా కొన్నేళ్లు చేశాను. అప్పుడది మా జిల్లాయే, 2022లో జిల్లాలు మార్చినప్పుడు విజయనగరంలో కలిసింది. అందుకే రెండు జిల్లాల వాళ్లనీ కలిపి పలకరిస్తున్నాను. స్కూల్ గేమ్స్ సెలక్షన్లు వచ్చాయంటే చాలు, ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తాయి. "మేడమ్, మా గుంటడు కబడ్డీ ఒగ్గేస్తానంటన్నాడు. తిట్టి పంపాలా, పోన్లే అని ఊరుకోవాలా?" అడిగేది నాన్నయితే గొంతులో కోపం ఉంటుంది, అమ్మయితే భయం ఉంటుంది. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకి ఫోన్లోనే చెప్పేదాన్ని. ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లలు తామే ఒప్పుకుని పేరు ఇచ్చిన ఆటని ఆ సీజన్ అయ్యేదాకా ఆడించండి. సీజన్ అయ్యాక అందులోనే ఉండాలా, వేరే ఆటకి వెళ్లాలా అన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది: పదో తరగతి వచ్చిందనో, పిల్ల పెద్దమనిషయ్యిందనో మీరు మాత్రం ఆట మానిపించకండి. నేను చూసినంతలో మన దగ్గర ఆటని తామే వదిలేసిన పిల్లలు తక్కువ, ఇంట్లో వాళ్లు మానిపించిన పిల్లలు ఎక్కువ. ఏడో తరగతిలో "ఏడిస్తే ఏడు, గ్రౌండ్‌కి మాత్రం పో" అన్న నాన్నే తొమ్మిది దాటగానే "ఇక చాల్లే, చదువు చూసుకో" అంటాడు. రెండుసార్లూ పిల్లాడిని ఎవరూ అడగరు.

ముందు సీజన్ సంగతి. జూన్‌లో బళ్లు తెరిచాక టీమ్‌కి పేరు ఇచ్చిన పిల్లాడు సెలక్షన్ల ముందు మానేస్తానంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. కబడ్డీలో కోర్టులో ఉండేది ఏడుగురు. కార్నర్‌లో నిలబడేవాడు లేకపోతే, వాడి చెయ్యి పట్టుకుని చైన్ కట్టే పక్కవాడి ఆట కూడా పోతుంది. ఖోఖోలో ఎనిమిది మంది కూర్చుంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. అందులో ఒకడు రాకపోతే మిగిలినవాళ్ల రెండు నెలల ప్రాక్టీసు వృథా. నీ కోసం కాకపోయినా వాళ్ల కోసం ఈ సెలక్షన్ల దాకా రా అని పిల్లలకి చెప్పొచ్చు. వాళ్లకి అర్థమవుతుంది. మనం అనుకునే దానికంటే పిల్లలకి మాట మీద నిలబడటం అంటే చాలా పట్టింపు.

పైగా కొత్త ఆటలో మొదటి నెల ఎవరికీ బాగుండదు. తొడలు పట్టేస్తాయి. మోచేతులు చెక్కుకుపోతాయి. పాత పిల్లలు బాల్ ఇవ్వరు, మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా కూర్చోబెడతారు. ఆ నెలలో వచ్చే "వద్దు"ని ఆఖరి మాటగా తీసుకోకండి. ఓడిపోయిన రోజు సాయంత్రం వచ్చే "వద్దు"ని కూడా. ఆ రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టండి, వారం పోయాక అడగండి. ఇక్కడి వరకు "కష్టం వచ్చినప్పుడల్లా ఒగ్గేస్తే పిల్లాడు ఏం నేర్చుకుంటాడు?" అనే నాన్నలతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

కానీ సీజన్ మధ్యలో పిల్లలు వద్దంటే, పంపే ముందు ఎందుకో కనుక్కోవాలి. ఇది మాత్రం వారం ఆగాల్సిన పని కాదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మంచి లాంగ్‌జంపర్. ఉన్నట్టుండి ప్రాక్టీసుకి రావడం మానేసింది. వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "బద్దకం మేడమ్, నాలుగు తగిలించండి" అన్నాడు. పిల్లని వరండా మెట్టు మీద కూర్చోబెట్టి ట్రాక్ ప్యాంటు పైకి మడిచి చూశాను. కుడి మోకాలి చిప్పకి రెండు వేళ్ల కింద ఎముక గట్టిగా ఉబ్బి ఉంది. వేలు ఆనించగానే పిల్ల పళ్లు బిగబట్టింది. నొప్పి అని ఇంట్లో చెబితే నాటకాలంటారని చెప్పలేదట. ఎముకల డాక్టర్ చూసి ఆస్‌గుడ్-ష్లాటర్ అన్నారు. ఎదిగే వయసులో, బాగా పరిగెత్తే, గెంతే పిల్లలకి వచ్చే సమస్యే. తొడ కండరం లాగుడంతా మోకాలి కింద ఇంకా ముదరని ఎముక మీద పడి అక్కడ వాచి నొప్పి పుడుతుంది. పరుగులూ గెంతులూ తగ్గిస్తే నొప్పి తగ్గుతుంది, ఎదుగుదల ఆగాక ఎక్కువమందికి పూర్తిగా పోతుంది. ఆ పిల్లని గ్రౌండ్‌కి రమ్మన్నాను, గెంతొద్దన్నాను. కొన్ని వారాలు స్కోరు రాసింది, గుంటలో ఇసుక సరిచేసింది. నొప్పి తగ్గాక మళ్లీ గెంతింది.

మోకాలు కాకపోతే రక్తం. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. హైస్కూలు వయసు అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. అంతకంటే బాగా తక్కువున్న పిల్లని 800 మీటర్లు పరిగెత్తమంటే రెండో రౌండ్‌కి కళ్లు తిరుగుతాయి. మనం దాన్ని బద్దకం అంటాం. బళ్లో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రని పిల్లలు వాంతి వస్తుందని కిటికీలోంచి పారేయడం నేను స్వయంగా చూశాను. అన్నం తిన్నాక వేసుకోమని మీరు ఇంట్లో ఒక్క మాట చెప్పండి. పొద్దున్నే ఖాళీ కడుపుతో ప్రాక్టీసుకి పంపకండి. రెండు అరటిపళ్లు, లేకపోతే ఓ గ్లాసు రాగి జావ చాలు. బూట్లు చిన్నవైపోయి వేళ్లు మడుచుకుని పరిగెత్తే పిల్లలుంటారు, వాళ్లూ కొనమని అడగలేక "ఆట నచ్చట్లేదు" అంటారు.

ఇంకో కారణం ఉంటుంది. అది పిల్లలు నోరు తెరిచి చెప్పలేరు. నిన్నటిదాకా గ్రౌండ్‌కి పరిగెత్తిన పిల్ల, ఫలానా సారు ఉన్నప్పుడు మాత్రం వెళ్లనంటే, కడుపునొప్పి అంటే, దయచేసి బలవంతం చెయ్యకండి. పక్కన కూర్చుని మెల్లగా అడగండి. చెప్పింది నమ్మండి. పిల్లలపై లైంగిక వేధింపులకి 2012 నుంచి పోక్సో చట్టం ఉంది, 1098కి ఫోన్ చేస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ వాళ్లు పలుకుతారు. కోచ్ ఎంత పేరున్నవాడైనా, ఎంతమందికి మెడల్స్ తెప్పించినా సరే. ఇలాంటి చోట సీజన్ పూర్తి చెయ్యాలన్న నా మాట వర్తించదు. ఆ రోజే మానిపించండి.

ఇక మన వల్లే వచ్చే "వద్దు" ఒకటుంది. మ్యాచ్ అయ్యాక బండి మీద ఇంటికి వెళ్లే దారి. ముందు నాన్న, వెనక పిల్లాడు. ఆమదాలవలస నుంచి పొందూరు చేరేదాకా ఏ పాయింట్ ఎలా పోయిందో, ఎవడు ఎంత బాగా ఆడాడో, పెట్టిన పెట్రోలు ఖర్చుతో సహా చెబుతూనే ఉంటాడు. పిల్లాడికి తన తప్పు తెలీదా? ఆడింది వాడే కదా. బోనస్ లైన్ దాటకుండా వెనక్కి వచ్చానని వాడికి అక్కడే తెలిసింది. బౌండరీ పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీస్తూ, రెఫరీ మీదా సొంత కొడుకు మీదా అరిచే నాన్నలూ, మీ అబ్బాయి రైడ్‌కి వెళ్లే ముందు ఎదుటి టీమ్ వైపు చూడటం లేదు, మీ వైపు చూస్తున్నాడు. మీరు ఎప్పుడైనా గమనించారా? చాలామంది పిల్లలకి ఆట మీద విసుగు లేదు. ఆట అయ్యాక జరిగే విచారణ మీద విసుగు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, సర్టిఫికెట్ విషయానికి.

మన జిల్లాల్లో ఉద్యోగాలు తక్కువ, వలస ఎక్కువ. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో సెంట్రింగ్ పనిచేసే తండ్రి, కొడుకు చేతిలో ఒక నేషనల్స్ సర్టిఫికెట్ ఉండాలని ఆశపడితే అందులో తప్పేముంది? రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచారు. మంచి పని, నేనూ సంతోషించాను. కానీ ఆ వార్త వచ్చాక నాకు వచ్చే ఫోన్లు మారిపోయాయి. "మేడమ్, ఏ ఆటలో పోటీ తక్కువ? ఏ ఆటలో పెడితే తొందరగా నేషనల్స్ వస్తాయి?" అని అడుగుతున్నారు. పిల్లాడికి ఏది ఇష్టమో చెప్పమంటే "ఆడికేటి తెలుస్తాది మేడమ్" అంటున్నారు. మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి నేషనల్స్‌కి వెళ్లేసరికి ఎంతమంది మిగులుతారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగలని పిల్లాడికి ఆట ఇష్టమైతే ఆట మిగులుతుంది. సర్టిఫికెట్ కోసమే ఆడినవాడికి ఆరేళ్ల తర్వాత ఇంట్లో వినాల్సిన మాటలు తప్ప ఇంకేం మిగులుతుంది?

ఈ ఆశ ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక జూనియర్స్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో చూశాను. పోటీకి రెండు గంటల ముందు బరువు చూస్తారు. ఒక పిల్ల, పద్నాలుగేళ్లుంటాయేమో, మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని స్కిప్పింగ్ చేస్తోంది. మధ్యలో ఆగి ఒక పాలిథిన్ కవర్‌లో ఉమ్మి ఊస్తోంది. ముందు రోజు రాత్రి నుంచి నీళ్లు తాగలేదు. పెదాలు తెల్లగా పొరలు లేచాయి. తల్లి గోడ పక్కన నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మూత తియ్యకుండా. తన బరువు కేటగిరీకి అరకిలో ఎక్కువుందట. పై కేటగిరీలో అయితే మెడల్ రాదని కోచ్ చెప్పాడట. నేను వెళ్లి సీసా మూత తీసి పిల్లకి ఇచ్చాను. నిర్వాహకులతో మాట్లాడి పై కేటగిరీలో ఆడించాం. మెడల్ రాలేదు. ఆ తల్లి చాలాకాలం నాతో మాట్లాడలేదు. అయినా అది చెయ్యాల్సిన పనేనని నేను ఇప్పటికీ అంటాను. ఎదిగే పిల్లల చేత బరువు కోసం నీళ్లు మానిపించే కోచ్ దగ్గర మీ పిల్లల్ని ఒక్క రోజు కూడా ఉంచొద్దు. (బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్నది మాత్రం అపోహే. తెలిసిన కోచ్ దగ్గర, వయసుకి తగ్గ బరువులతో, పద్ధతిగా చేస్తే ఎదుగుదల ఆగిపోతుందని ఎక్కడా తేలలేదు.)

ఈ మాట అంటే వెంటనే మీరు కరణం మల్లేశ్వరి పేరు చెబుతారు. చెప్పాలి కూడా. మన ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల, 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మెడల్ తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆ రోజు మా స్టాఫ్‌రూమ్‌లో ఏడవని వాళ్లు లేరు. కానీ ఆమె కథని మనం తలకిందులుగా చెప్పుకుంటున్నాం. "బలవంతంగానైనా పెట్టారు కాబట్టే ఒలింపిక్స్ దాకా వెళ్లింది" అని నాతో వాదించిన వాళ్లున్నారు. అక్కచెల్లెళ్లు బరువులెత్తే ఇంట్లో పెరిగిన పిల్ల ఆమె. సన్నగా, బలహీనంగా ఉందని మొదట్లో కోచ్ వద్దన్నారని, అమ్మ ధైర్యం చెప్పి నిలబెట్టిందని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పారు. అంటే ఎత్తుతానని పట్టుబట్టింది పిల్ల. తల్లి ఆ పట్టుదల వెనక నిలబడింది. తర్వాత నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణ, ఏళ్ల తరబడి కష్టం. అందులో బలవంతం ఎక్కడుంది?

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ కూడా అంతే. ఆ ఊరి పేరు చెబితే వెయిట్‌లిఫ్టింగే గుర్తొస్తుంది. అక్కడి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది, మొదటి స్థానం వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది వెండి పతకమైంది. పక్కింటి అక్క బార్ ఎత్తుతుంటే చూసి తనకీ ఎత్తాలనిపించే ఊళ్లో పిల్లల్ని ఎవరూ తరమక్కర్లేదు. పి.వి.సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు. నాన్న రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన టీమ్‌లో ఉన్నారు. ఆ ఎత్తు, ఆ ఇల్లు చూసి ఎవరైనా వాలీబాలే ఆడించి ఉండేవారు. పిల్ల బ్యాడ్మింటన్ అంది. సరే అని ఆ ఆటకే తీసుకెళ్లారు.

టాలెంట్ ఉంది కదా, వదిలేస్తే ఎలా అని మా పీడీలమే మిమ్మల్ని పట్టుకుని బతిమాలుతాం. టాలెంట్ ఉన్నంత మాత్రాన పిల్లలు మనకేమీ బాకీ పడరు. రాజాం వైపు ఉన్నప్పుడు ఒక కుర్రాడు 200 మీటర్లలో జిల్లాలో ముందుండేవాడు. వాడికి ట్రాక్ మీద ఒంటరిగా పరిగెత్తడం అస్సలు నచ్చదు. వాలీబాల్ కావాలన్నాడు. వాలీబాల్‌కి పొట్టి. నేను, వాళ్ల నాన్న మాట్లాడుకుని సెలక్షన్లు అయ్యాక పంపేశాం. జిల్లా టీమ్‌లో ఎప్పుడూ చోటు రాలేదు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. ఊళ్లో రెండు సరుగుడు కర్రలకి నెట్ కట్టి రోజూ పొద్దు పోయేదాకా ఆడతాడు, పదిమంది చిన్నపిల్లల చేత ఆడిస్తాడు. పరుగులోనే ఉంచితే ఏమయ్యేదో నాకు తెలీదు. వాలీబాల్‌కి పంపినందుకు మాత్రం నాకు ఏ బాధా లేదు.

చిన్న వయసులోనే ఒకే ఆటకి కట్టేయడం గురించి వైద్యులు కూడా హెచ్చరిస్తున్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పిందేంటంటే, 15, 16 ఏళ్లు వచ్చేదాకా ఒకే ఆటకి పరిమితం చెయ్యొద్దు, వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తంలో మూడు నెలలు ఆ ఆట నుంచి విరామం ఇవ్వండి అని. మన పల్లెల్లో పిల్లలు అలా పెరిగినవాళ్లే. కర్రాబిళ్ల, చెరువులో ఈత, తాటిచెట్ల కింద కబడ్డీ, అన్నీ ఆడేవారు. ఇప్పుడు మూడో తరగతి నుంచే అకాడమీ, ఒకటే ఆట, ఆదివారం కూడా కోచింగ్.

కడప క్రీడా పాఠశాల గురించి అడిగేవాళ్లకి విడిగా ఒక మాట. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. 30 మీటర్ల పరుగు, స్టాండింగ్ బ్రాడ్ జంప్, మెడిసిన్ బాల్, 800 మీటర్లు, ఇలాంటి పరీక్షలు పెట్టి ఎంచుకుంటారు. మంచి తిండి, శిక్షణ, చదువు అన్నీ ఉంటాయి. పేదింటి పిల్లలకి గొప్ప అవకాశమే, నేను కొందరిని దగ్గరుండి సెలక్షన్లకి తీసుకెళ్లాను కూడా. కానీ ఇచ్ఛాపురం పిల్లాడికి అది రాష్ట్రానికి ఆ చివర. ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు. పంపే ముందు వాడిని అడగండి. వెళ్లాక ఏడిస్తే మొదటి నెల ఓదార్చండి. ఏడాది గడిచినా రాత్రుళ్లు ఏడుస్తున్నాడని తెలిస్తే తీసుకొచ్చేయండి. "తిరిగొస్తే ఊళ్లో పరువు పోతుంది" అని తొమ్మిదేళ్ల పిల్లాడితో అనకండి.

ఇప్పుడు ఆడపిల్లలు. ఈ లేఖ నేను రాయడానికి సగం కారణం వాళ్లే.

ఏడు, ఎనిమిది తరగతుల్లో మా టీముల్లో అమ్మాయిలు నిండా ఉండేవారు. తొమ్మిదికి వచ్చేసరికి సగం మంది ఉండేవారు కాదు. ఒక్కరు కూడా "నాకు ఇష్టం లేదు మేడమ్" అని వెళ్లలేదు. "అమ్మ వద్దంది", "మావయ్య చూశాడట", "షార్ట్స్ వేసుకుంటే నానమ్మ తిడతంది". ఫంక్షన్ చేసి పట్టుచీర కట్టించిన మర్నాటి నుంచి గ్రౌండ్ బంద్. అమ్మలూ, మీ భయం నాకు తెలుసు, నేనూ ఆడపిల్ల తల్లినే. చీకటి పడితే దారి బాగోదు, బస్సు ఉండదు, నలుగురూ నాలుగు మాటలంటారు. వీటిలో మన చేతిలో ఉన్నవి సరిచేద్దాం. ప్రాక్టీసు సాయంత్రం అయిదున్నరకల్లా ముగించమని పీడీని అడగండి, అడిగితే చేస్తారు. షార్ట్స్ వద్దనుకుంటే ట్రాక్ ప్యాంటుతో ప్రాక్టీసు చెయ్యొచ్చు. ఒకే వీధి పిల్లలు నలుగురు కలిసి వచ్చేలా చూడండి. పోటీలకి వెళ్లేటప్పుడు ఆడ టీచరు తోడు లేకపోతే పంపమని గట్టిగా చెప్పండి, అది మీ హక్కు. నెలసరిలో ఆడొచ్చా అని సిగ్గుపడుతూ అడుగుతారు. ఓపిక ఉంటే నిక్షేపంగా ఆడొచ్చు, నొప్పిగా ఉంటే ఆ రెండు రోజులు కూర్చోవచ్చు. బళ్లో శుభ్రమైన టాయిలెట్, నీళ్లు లేక ఆ రోజుల్లో బడే మానేసే పిల్లలున్నారు, ముందు దాని గురించి పోట్లాడదాం. పక్కనే విశాఖలో పుట్టిన జ్యోతి యర్రాజీ 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. తొమ్మిదో తరగతిలో వాళ్లింట్లో "ఇక చాలు" అని ఉంటే మనం ఆ పేరే వినేవాళ్లం కాదు.

పదో తరగతి సంగతి చెప్పి ముగిస్తాను. డిసెంబరు వచ్చేసరికి యాక్షన్ ప్లాన్, స్లిప్ టెస్టులు, సాయంత్రం స్టడీ అవర్లు. గేమ్స్ పీరియడ్‌ని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తారు. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీ అయితే చాలాచోట్ల మైదానమే ఉండదు, నాలుగంతస్తుల బిల్డింగ్, మేడ మీద బట్టలారేసుకునే చోటు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పదో తరగతి పిల్లలకి అందులో మినహాయింపు ఇవ్వలేదు. ఆ గంట తీసేస్తే పిల్లాడు ఆ గంటా చదువుతాడని అనుకుంటున్నారు. పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తాడు. టెన్షన్ దిగే దారి లేక రాత్రి నిద్రపట్టదు. పరీక్షల ముందు నెల పోటీలకి పంపకండి, ఒప్పుకుంటాను. సాయంత్రం గంట మాత్రం ఉంచండి. పోటీ అక్కర్లేదు. వీధిలో షటిల్ ఆడినా, కాలువ గట్టు మీద సైకిల్ తొక్కినా, తెల్లారి పోలీసు సెలక్షన్ల కోసం పరిగెత్తే అన్నయ్యలతో కలిసి రెండు కిలోమీటర్లు పరిగెత్తినా సరే.

"ఆట మార్చుకోనిస్తే ఏదీ ఆడడు మేడమ్, ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు" అని మీరంటారు. ఆ భయం నిజమే. అందుకే సీజన్ అయ్యాక పిల్లాడితో కూర్చున్నప్పుడు "ఆడతావా, మానేస్తావా" అని అడగొద్దు. "వచ్చే ఏడాది ఏం ఆడతావు?" అని అడగండి. రెండో ఆట పేరు చెప్పి మొదటిది వదిలెయ్యొచ్చు. ఏ పేరూ చెప్పకపోతే రోజూ సాయంత్రం మీతో నడకకి రావాలి. నా దగ్గర చదివిన పిల్లల ఇళ్లలో ఈ పద్ధతి చాలాసార్లు పనిచేసింది.

ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల కార్డు మీద సంతకం పెట్టి వచ్చేయకండి. పీడీ దగ్గరికి కూడా వెళ్లండి. మా పిల్ల వారంలో ఎన్ని గేమ్స్ పీరియడ్లు నిజంగా ఆడుతోంది, ఎవరితో కలుస్తోంది, ఎక్కడైనా నొప్పి అంటోందా, ప్రాక్టీసు ఎన్నింటికి ముగుస్తుంది అని అడగండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని రాసుంది, ప్రైవేటు బళ్లకీ అది వర్తిస్తుంది. మీ బడికి మైదానం లేకపోయినా, ఉన్న మైదానంలో ఇటుకలూ ఇసుకా పోసి పెట్టినా, పీడీ పోస్టు ఖాళీగా ఉన్నా, ఆ సంగతి స్కూల్ కమిటీ తీర్మానంలో రాయించి మండల విద్యాశాఖాధికారికి పంపండి. నలుగురు తల్లిదండ్రులు సంతకాలు పెట్టిన కాగితానికి జవాబు చెప్పక తప్పదు. కాగితం ఎలా రాయాలో తెలియకపోతే మీ ఊళ్లో ఉన్న ఏ రిటైర్డ్ టీచర్నైనా అడగండి, రాసిపెడతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీడీ,
శ్రీకాకుళం